పెద్దలకు తెలిసిన జనరల్ నాలెడ్జి

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు ఇచ్చిన అంశం 'జనరల్ నాలెడ్జి'. ఉర్దూ మీడియం అయ్యవారు కదా, పిల్లలకు నాలుగు ముక్కలు చెబుతాడులే అని వారి ఉద్దేశం కాబోలు. మేము మాత్రం ఈరోజు పిల్లల వైపు తిరిగి మాట్లాడదలచుకోలేదు. డెబ్బై దాటి వెనక కుర్చీల్లో మౌనంగా కూర్చున్న దాదాలు, నానీల వైపు తిరిగి మాట్లాడతాము. ఏమంటే, పిల్లలు చదివే జి.కె. పుస్తకాల్లో ఏ దేశానికి ఏది రాజధానో ఉంటుంది, ఏ పర్వతం ఎంత ఎత్తో ఉంటుంది. మంచిదే, పరీక్షకు కావాలి. కానీ మన ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న కాగితం చదవడానికి కావలసిన జి.కె. ఏ పుస్తకంలోనూ లేదు. అది మీ తలల్లో ఉంది.

మొదట తేలికైన ప్రశ్న. రూపాయికి ఎన్ని అణాలు? చూశారా, వెనక నుంచి పదిమంది ఒకేసారి అన్నారు, పదహారని. అణాకు? నాలుగు కాణీలు. కాణీకి? మూడు దమ్మిడీలు. అంటే రూపాయికి అరవై నాలుగు కాణీలు, నూట తొంభై రెండు దమ్మిడీలు. రెండణాల బిళ్లను బేడ అన్నారు, నాలుగణాలను పావలా అన్నారు. మాకు నలభై దాటిన మాట నిజమే గానీ అణా మేమూ వాడలేదు. మా చేతికి వచ్చినవి ఐదు పైసలు, పది పైసల తేలిక అల్యూమినియం బిళ్లలు. ఆ పావలా కూడా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది.

మధ్యలో చిల్లున్న కాణీ గుర్తుందా? 1943 నుంచి 1947 వరకు పోశారు. యుద్ధకాలంలో రాగికి కరువు. బిళ్ల నడిమికి చిల్లు పెడితే అంత లోహం మిగులుతుంది. పిల్లల మొలతాడుకు కట్టడానికి పనికొచ్చింది గానీ సర్కారు ఉద్దేశం అది కాదు.

1957 ఏప్రిల్ 1న 'నయా పైసా' వచ్చింది. రూపాయికి నూరు పైసలన్నారు. అంతకు ఐదు రోజుల ముందే, మార్చి 27న, 'మాయాబజార్' విడుదలైంది. దాని దర్శకుడు కె.వి. రెడ్డి గారు మన తాడిపత్రి మనిషి. అంటే ఆ సినిమాకు తొలివారం వెళ్లినవారు అణాలు లెక్కపెట్టి ఇచ్చారు, మలివారం వెళ్లినవారు అణాలో నయా పైసలో తెలియక టికెట్ల కిటికీ దగ్గర తగువు పడి ఉంటారు. తగువుకు కారణం లేకపోలేదు. నూరును పదహారుతో భాగిస్తే ఆరుంబావు. పావు పైసా ఎక్కడుంది? అందుకని అణాకు ఆరు పైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు ఇరవై అయిదు అని పట్టిక వేశారు. అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే ఇరవై నాలుగు పైసలు, ఒక్కసారే కొంటే ఇరవై అయిదు! ఆ ఒక్క పైసా కోసం అంగడికి నాలుగుసార్లు పరుగెత్తిన పిల్లలు ఈ సభలోనే ఉన్నారని మా అనుమానం. 'నయా' అన్న మాటను 1964 జూన్‌లో తీసేశారు, వట్టి పైసా మిగిలింది.

ఇది తమాషా కబురులా వినిపిస్తుంది. కానీ కాస్త ఆగండి. పాత భాగపంపిణీ కాగితాల్లో 'రూపాయికి రెండణాల వాటా' అనే మాట కనిపిస్తుంది. ఈ కాలం పిల్లవాడికి అది చూపిస్తే ఏమంటాడు? "జేజికి రెండణాలే ఇచ్చి పంపించారా, పన్నెండు పైసలా!" అంటాడు. మా తరగతిలో ఒక విద్యార్థి అచ్చం ఇలాగే అన్నాడు, తరగతంతా నవ్వింది. ఆ రెండణాలు డబ్బు కాదు. పదహారింట రెండు, అంటే ఎనిమిదో వంతు. భర్త చనిపోయి పిల్లలు ఉన్న స్త్రీకి షరియత్ ప్రకారం వచ్చే హిస్సా అదే. పిల్లలు లేకపోతే నాలుగో వంతు, అంటే నాలుగణాలు. ఆస్తి మొత్తాన్ని ఒక రూపాయి అనుకుని, ఎవరి హక్కు ఎన్ని అణాలో రాసుకునే పద్ధతి అది. 'పదహారణాల హక్కు' అంటే సంపూర్ణ హక్కు అన్నమాట. తెలుగులో పదహారణాల నిజం అంటాం, ఉర్దూలో 'సోలా ఆనే సచ్' అంటాం, రెండూ ఒకే రూపాయి నుంచి వచ్చినవే.

లెక్కల మాస్టర్లు కూడా వినాలి. పదహారును సగం చేస్తూ పోండి: ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. ఎక్కడా ముక్క మిగలదు. నూరును సగం చేస్తే యాభై, ఇరవై అయిదు, ఆ తరువాత పన్నెండున్నర, అక్కడ విరిగిపోతుంది. మరి మూడో వంతు, ఆరో వంతు సంగతి? అందుకు దమ్మిడీలు ఉన్నాయి. నూట తొంభై రెండులో ఆరో వంతు ముప్ఫై రెండు, మూడో వంతు అరవై నాలుగు, ఎనిమిదో వంతు ఇరవై నాలుగు. ఈ భాగాలన్నీ ఆ పాత రూపాయిలో చిల్లర మిగలకుండా సరిపోతాయి. మన పెద్దవాళ్లు సవా, డేఢ్, ఢాయీ ఎక్కాలు నోటికి వల్లించింది ఊరకే కాదు. బడికి వెళ్లని నానీలు కూడా వేళ్ల కణుపుల మీద ఎవరి వాటా ఎంతో తేల్చేవారు. ఆ లెక్క తెలియకపోతే ముందుగా నష్టపోయేది ఆ రెండణాల మనిషే. అన్నదమ్ముల వాటాలు పెద్దవి, వాటిని ఎవరూ మరచిపోరు. కాగితంలో చిన్నగా కనిపించే అంకె ఆమెది.

తూకాలకు వద్దాం. తులం అంటే ఎంత? అంగడివాణ్ణి అడిగితే పది గ్రాములంటాడు. పెద్దవాళ్లను అడిగితే రూపాయి బిళ్లంత ఎత్తు అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరి తులాలు వేరు. పాత తులం 11.66 గ్రాములు. ఎనభై తులాలు ఒక సేరు, అంటే 933 గ్రాములు. ఈ తేడా ఎందుకు చెబుతున్నామంటే, మన మసాయిల్ పుస్తకాలలో జకాత్ నిసాబు బంగారానికి ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర తులాలు అని ఉంటుంది. అవి పాత తులాలు. లెక్క కడితే బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు. అంగడి తులంతో లెక్క కడితే 75 గ్రాములు, 525 గ్రాములు వస్తాయి. రెంటికీ మధ్య బంగారంలో పన్నెండున్నర గ్రాముల తేడా ఉంది. ఫిత్రాకు గోధుమలు 'పౌనే దో సేర్' అని ఉన్నచోట కూడా ఇదే సేరు, 1 కిలో 633 గ్రాములు. మసలా చెప్పడం మా పని కాదు, అది ఉలమాలను అడగండి. తూకం చెప్పడం మాత్రం బడి అయ్యవారి పనే.

మణుగు దగ్గర ఇంకా పెద్ద చిక్కుంది. ఉత్తరాది పుస్తకాల ప్రకారం మణుగంటే నలభై సేర్లు, అంటే ముప్ఫై ఏడు కిలోల పైచిలుకు. మన మద్రాసు రాజధాని మణుగు ఇరవై అయిదు పౌన్లు, అంటే పదకొండు కిలోల మూడు వందల నలభై గ్రాములు. ఎనిమిది వీశెలైతే ఆ మణుగు. కాబట్టి తాతగారు "హిందూపురం మండీకి ఇరవై మణుగుల బెల్లం వేశాను" అంటే దాన్ని ఏడున్నర క్వింటాళ్లని లెక్క కట్టకండి. రెండుంబావు క్వింటాళ్లే. 1958లో మొదలుపెట్టి కిలోగ్రాములను దేశమంతటా తెచ్చిన తరువాత ఈ తగువు లేకపోయింది. ఆ పని మంచిదేనని మా అభిప్రాయం. ఊరికొక మణుగు ఉన్నచోట మోసపోయేది రైతే కదా. కిలో రావాలి, అయితే సేరు ఎంతో మరచిపోకూడదు. రాయదుర్గం, మడకశిర వైపు బంధుత్వాలు కలిగినవారికి ఇంకొక్క ముక్క: మన ఎకరాకు నూరు సెంట్లు, సరిహద్దు దాటితే ఎకరాకు నలభై గుంటలు. గుంటంటే రెండున్నర సెంట్లు. సంబంధం మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫసలీ అంటే ఏమిటి?

వెనక నుంచి ఒక్కరే చెయ్యి ఎత్తారు. సంతోషం. మన పొలం కాగితాల మీద, అడంగల్ మీద, కిస్తు రసీదు మీద 'ఫసలీ' అని ఒక సంవత్సరం ఉంటుంది. ఫసల్ అంటే పంట. ఉర్దూ పిల్లలందరికీ తెలిసిన మాటే. హిజ్రీ సంవత్సరం చంద్రుని లెక్క, ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పంట సూర్యుని లెక్క. హిజ్రీ లెక్కన శిస్తు అడిగితే కొన్నేళ్లకు పంట ఇంటికి రాకముందే వసూలుకు మనిషి వచ్చి నిలబడతాడు. అందుకని మొగలాయీ కాలంలో పంటను బట్టి నడిచే సంవత్సరం పెట్టారు. మన దక్కన్ వైపుకు వచ్చిన ఫసలీ 1636లో షాజహాన్ కాలానిది. అప్పుడు నడుస్తున్న హిజ్రీ 1046ను తీసుకుని, అక్కడి నుంచి సూర్యమానంలో నడిపించారు. రెండూ ఒకే గీత నుంచి బయలుదేరాయి. ఇప్పుడు ఎంత దూరమయ్యాయో చూడండి: 2025 జూలైలో మొదలైన ఫసలీ 1435, ఆ వేళకు హిజ్రీ 1447. పన్నెండేళ్ల తేడా.

సూత్రం చాలా సులభం. ఫసలీకి 590 కలపండి, ఆ సంవత్సరం జూలై 1 నుంచి మరుసటి సంవత్సరం జూన్ 30 దాకా. అంతే.

మా పేటలో ఒక కుటుంబం ఉంది, పేర్లు అనవసరం. వారి తాతగారు 1951లో మూడెకరాల మెట్ట కొన్నారు. మొన్నామధ్య గట్టు దగ్గర తగువు వచ్చి, మనవళ్లు పాత కాగితాలు తీశారు. అందులో ఒక కిస్తు రసీదు, మీద 1362 అని ఉంది. కుర్రవాళ్లు చదువుకున్నవాళ్లే, దాన్ని హిజ్రీ అనుకుని ఫోనులో లెక్క కట్టారు. 1943 వచ్చింది. తాత కొన్నది 1951లో కదా, ఇది మనది కాదు, పాత యజమానిది అని పక్కన పడేశారు. చెత్తలోకి పోవలసిందే. ఆ ఇంట్లో ఎనభై అయిదేళ్ల ఫుప్పమ్మ ఉంది. చూపు సరిగా ఆనదు. "ఏ సంవత్సరం అన్నారురా?" అని అడిగింది. చెప్పారు. "అది పండగల లెక్క కాదురా, పంటల లెక్క. గంజి కరువులో అబ్బాజాన్ కిస్తు కట్టలేక బాకీ పడ్డాడు. తరువాత కట్టి, రసీదు నా చేతికే ఇచ్చి పెట్టెలో పెట్టమన్నాడు" అంది.

1362కు 590 కలపండి. 1952. ఆ ఏడు రాయలసీమలో కరువు, సర్కారు గంజి కేంద్రాలు పెట్టింది. అందుకే దాన్ని గంజి కరువు అన్నారు. ఫుప్పమ్మకు అప్పుడు పన్నెండేళ్లు, గంజి కోసం గిన్నె పట్టుకుని వరుసలో నిలబడిన మనిషి. ఆమెకు ఫసలీ సూత్రం తెలియదు, 590 తెలియదు. కరువు తెలుసు, రసీదు తెలుసు. పొలం తగువు ఇంకా తెగలేదు గానీ, ఆ కాగితం మాత్రం కట్టలోకి చేరింది. ఏటేటా కిస్తు కట్టి అనుభవించామని చూపే రసీదు అది. ఆమె ఆ పూట నిద్రపోతూ ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మన జిల్లాలో కాలాన్ని కరువుతోనే గుర్తుపెట్టుకున్నారు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల కదా ఇది. 1876-78 నాటి మహా కరువును మా జేజిల జేజిలు 'ధాత కరువు' అనేవారట, ధాత నామ సంవత్సరంలో వచ్చిందని. "నువ్వు పుట్టింది ఎప్పుడు అవ్వా?" అని అడిగితే తేదీ చెప్పలేరు, ఏ చెరువు ఎండిన ఏడో, ఏ చెరువు మరవ పారిన ఏడో చెబుతారు. పింఛను దరఖాస్తు రాసేవారు ఆ మాట విని విసుక్కోకుండా, ఆ ఏడు ఏదో పక్కింటి పెద్దవాళ్లతో సరిచూస్తే పుట్టిన సంవత్సరం చాలావరకు తేలుతుంది. మేము కొందరికి అలా తేల్చి రాసి ఇచ్చాము.

పొలం మాట వచ్చింది గనుక చరిత్ర ప్రశ్న ఒకటి. మన సీమను దత్త మండలాలు అని ఎందుకన్నారు? తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని కుంపిణీకి ఇచ్చేశాడు. వచ్చిన మొదటి కలెక్టరు థామస్ మన్రో, 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పింది అతనే. తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో ఈ వైపు పర్యటనకు వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట గుత్తిలోనే పూడ్చారు, ఆ తరువాత మద్రాసుకు మార్చారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లు ఉండేవని పెద్దలు చెబుతారు.

మన్రో స్కాట్లండువాడే, కానీ కచేరి మాటలన్నీ మనవే మిగిలాయి. జిల్లా, రైతు, కిస్తు, జమాబందీ, దస్తావేజు, రసీదు, వసూలు, బాకీ, జప్తు, రద్దు, హక్కు. అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చి, తెలుగు రైతు నోట్లో ఇంటి మాటలైపోయినవి. ఉర్దూ మీడియం పిల్లలకు తెలుగు రాదని కొందరు దిగులుపడతారు. కచేరి తెలుగు సగం మీకు ముందే వచ్చునని మా పిల్లలకు చెబుతుంటాము. ఆ కచేరి మాటలు వాడిన గ్రామ కరణాలను, మునసబులను 1984లో తీసేశారు. అప్పటి నుంచి ఫసలీ గుర్తున్నవాళ్లు ఊళ్లో తగ్గిపోయారు.

మరి 'రాయలసీమ' అనే పేరు ఎప్పుడు వచ్చింది? రాయల కాలంలో కాదు! 1928లో నంద్యాల సభలో, దత్తమనే మాట మనకు వద్దని చిలుకూరి నారాయణరావు గారు ఈ పేరు పెట్టాలన్నారు. ఆయన మన అనంతపురం దత్తమండల కళాశాలలో పండితులు. 1916లో పెట్టిన ఆ కళాశాలే ఇప్పటి గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీ, నీలం సంజీవరెడ్డి గారు చదివినదీ అక్కడే. నారాయణరావు గారి గురించి మన సభలో తప్పక చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది: ఖురాన్ షరీఫ్‌ను తెలుగులోకి తెచ్చిన తొలివారిలో ఆయన ఒకరు. అరబ్బీ రాని మన జిల్లా ముసల్మానుల ఇళ్లకు ఆ గ్రంథం తెలుగులో చేర్చింది ఒక తెలుగు పండితులు. ఎందరికి తెలుసు? మూడు చేతులు. సరే.

బరువైన మాటలు ఎక్కువైనట్టున్నాయి, రేడియో మాట చెప్పి ముగిస్తాము. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు ఏమొచ్చేది? ఇదిగో, ఆడవాళ్ల వైపు నుంచే ముందు వచ్చింది జవాబు! బినాకా గీత్ మాలా, రేడియో సిలోన్, అమీన్ సయానీ. 1952 డిసెంబరులో మొదలైంది. ఆ ఏడే మన సమాచార శాఖ మంత్రి కేస్కర్ గారు ఆకాశవాణిలో సినిమా పాటలు వద్దన్నారు. దేశమంతా సిలోను వైపు ముళ్లు తిప్పింది. 1957లో వివిధభారతి పెట్టిన తరువాత గానీ పాటలు ఇంటికి తిరిగి రాలేదు. 1963లో కడప కేంద్రం వచ్చింది, 1965లో ఆలిండియా రేడియో ఉర్దూ సర్వీసు వచ్చింది. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలని, దానికి చిన్న పుస్తకం ఉండేదని చెబితే మా పిల్లలు నమ్మరు. ఎవరింట్లోనైనా ఆ పుస్తకం ఉంటే దయచేసి బడికి పంపండి, చూపించి జాగ్రత్తగా తిరిగి ఇస్తాము. అమీన్ సయానీ గారు 2024 ఫిబ్రవరిలో కాలం చేశారు. టెలిగ్రామ్ 2013 జూలైలోనే పోయింది. తంతి అంటే చావు కబురేనని గుండె పట్టుకున్నవారు ఇప్పుడు నవ్వుకోవచ్చు.

చివరగా ఒక మనవి. బహుమతుల కార్యక్రమానికి ముందు టీ ఉంది. ఆ వేళకు మా విద్యార్థులు పన్నెండుమంది నోటు పుస్తకాలతో మీ కుర్చీల దగ్గరికి వస్తారు. ఐదు ప్రశ్నలు అడుగుతారు. మీ ఇంటి పాత కాగితాల్లో ఫసలీ ఏది? మీ అమ్మగారి వాటా ఎన్ని అణాలు, అది ఆమె చేతికి అందిందా? మీ ఊరి చెరువు చివరిసారి మరవ పారింది ఏ ఏడు? ఇప్పుడు పూడిపోయిన ఏ బావి నీళ్లు మీరు తాగారు, అది ఎక్కడ ఉండేది? మీ పేటలో అందరికన్నా పెద్దవారు ఎవరు? తెలుగులో చెప్పినా ఉర్దూలో చెప్పినా రాసుకుంటారు. రెండో ప్రశ్నకు జవాబు అందరి ముందు చెప్పడం ఇష్టం లేనివారు, పిల్లవాణ్ణి శనివారం ఇంటికి రమ్మనండి. నడవలేక ఈ సభకు రానివారి పేర్లు, వీధి మాకు ఇస్తే, వారి దగ్గరికి మేమే వస్తాము.